గొర్రెల అవ్వ దగ్గర నేర్చిన బేరం

నాకు బేరమాడటం చేతకాదు అనుకునేదాన్ని. నిజానికి చేతకాకపోవడం కాదు, సిగ్గు. కావలిలో మా అమ్మ కూరగాయల బండి దగ్గర పావుగంట నిలబడి గుప్పెడు కరివేపాకు కొసరు వేయించుకుంటుంటే, నేను నాలుగడుగులు ఎడంగా జరిగి, ఆమెకూ నాకూ సంబంధం లేనట్టు రోడ్డు చూసేదాన్ని. ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చేదాన్ని. చీరల కొట్లో ఇంకో చీర చూపించమనడానికి మొహమాటపడి, మొదట పరిచిన చీరే తీసుకొని వచ్చేదాన్ని. అట్లాంటి నేను ఉదయగిరిలో స్టీలు సామాన్ల అంగడి ఉన్న ఇంటికి కోడలినై వచ్చాను.

అంగడి మా మామయ్యది. నలభై ఏళ్ళుగా ఆయనొక్కడే గల్లా దగ్గర కూర్చున్నాడు. మా ఆయనకు వ్యాపారం పడలేదు. నెల్లూరులో కంపెనీ ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకి పోతాడు. అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. పెళ్ళయిన పదేళ్ళూ నేను ఇల్లూ, మా అమ్మాయినీ చూసుకుంటూ, మధ్యాహ్నం మామయ్యకు క్యారియర్ తీసుకెళ్ళడమే గానీ గల్లా వెనక కూర్చున్నది లేదు.

ఒక జనవరిలో మామయ్య అటక మీది గుండిగ దించబోయి స్టూలు మీది నుంచి పడ్డాడు. చీలమండ రెండు చోట్ల విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి, మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఇంటికి వచ్చిన రోజే ఆయనకు అంగడి దిగులు పట్టుకుంది.

"మూడు నెలలు మూసినామంటే గిరాకీ అంతా ఆత్మకూరుకి మరిగిపోతాదమ్మా" అన్నాడు.

"నేను కూర్చుంటాలే మామయ్యా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బి.కాం. చదివి పదేళ్ళు దానితో పని లేకుండా ఉన్నాననే బాధ లోపల ఎక్కడో ఉండి ఉండాలి.

మొదటి వారం నా బతుకు చెప్పుకోదగ్గది కాదు. వచ్చినవాళ్ళు మొహం కాస్త చిన్నబుచ్చుకుంటే చాలు, నేను తగ్గించేసేదాన్ని. ఒకామె బిందెకు అడిగిన ధరకే ఇచ్చి పంపాను. సాయంత్రం చూసుకుంటే అది మేం కొన్న ధర కంటే తక్కువ. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు నెట్ సెంటర్‌కి పోయి పెద్దక్షరాలతో 'ఒకే ధర. బేరములు లేవు' అని ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, గల్లా వెనక గోడకు తగిలించాను. ప్రతి సామానుకూ ధర చీటీ అంటించాను. నెల్లూరులో పెద్ద పెద్ద అంగళ్ళలో అట్లాగే ఉంటుంది కదా, ఇక్కడ మాత్రం ఎందుకు ఉండకూడదు అనుకున్నాను.

ఎవరూ గొడవ పెట్టుకోలేదు. అదే నన్ను మోసం చేసింది. జనం వచ్చేవాళ్ళు, చీటీ చూసేవాళ్ళు, బోర్డు చూసేవాళ్ళు, "మళ్ళీ వస్తాంలే" అని వెళ్ళిపోయేవాళ్ళు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళయితే గడప దాటి లోపలికి కూడా వచ్చేవాళ్ళు కాదు. స్కూలు టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు మాత్రం చీటీ చూసి, ఫోన్‌తో స్కాన్ చేసి, మాట్లాడకుండా పట్టుకుపోయేవాళ్ళు. వాళ్ళు నెలకు ఎంతమంది?

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. చేతికర్ర గోడకు ఆనించి, నేను చూపించకముందే స్టూలు లాక్కొని కూర్చుంది. చిన్న కొడుకు వేరు కాపురం పెడుతున్నాడట. రెండు బిందెలు, ఒక గుండిగ, నాలుగు తపేలాలు కావాలంది. ఒక్కోటే చేతిలోకి తీసుకొని వేలితో కొట్టి మోత విన్నది. బోర్లించి అడుగు చూసింది. వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో అతుకులు చూసింది. అరగంట పట్టింది ఏరుకోవడానికి. అన్నీ తెచ్చి నా ముందు పెట్టి, "అన్నిటికీ కలిపి ఎంతమ్మా?" అంది.

చీటీలు కూడి చెప్పాను.

"అది చెప్పే రేటు. ఇచ్చే రేటు చెప్పు."

గోడ మీది బోర్డు చూపించాను.

"నాకు సదువు రాదు. ఆడ ఏం రాసుండాది?"

"ఒకే ధర అని అవ్వా. బేరాల్లేవు."

"ఎవురు రాసినారు?"

"నేనే."

"నువ్వు రాసిందయితే నువ్వే తుడిపెయ్యొచ్చు గదా. బ్రమ్మేమన్నా రాసినాడా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. నవ్వితే తగ్గించాల్సి వస్తుందని భయం. అందరికీ అదే ధర అన్నాను. మీ మామ ఉంటే ఇట్టా ఉండదంది. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఆమె కోప్పడలేదు. ఏరుకున్న సామానంతా ఒక్కోటే తీసి, ఎక్కడివి అక్కడే పెట్టేసింది. బిందె మీద తన చేతి మరక కనిపిస్తే కొంగుతో తుడిచింది. కర్ర తీసుకొని, "ఆత్మకూరు బస్సు ఎన్ని గంటలకు పాపా?" అని నన్నే అడిగింది. చెప్పాను.

ఇంటికి పోయి మామయ్యకు చెప్పాను. ఆయన మంచం మీద కాలు దిండు పైకి జరుపుకుంటూ, "తగ్గించలేదని కాదమ్మా. అరగంట కూర్చొని ఏరుకున్న మనిషిని ఉత్త చేతుల్తో పంపిస్తే ఎట్టా?" అన్నాడు. బోర్డు తీసెయ్యమని మాత్రం అనలేదు.

మాకు వరికుంటపాడు వైపు మూడెకరాల నిమ్మతోట ఉంది. ఏటా ఎండలు ముదరకముందే ఆ తోటలో ఆరు రాత్రులు గొర్రెల మంద కట్టించడం మామయ్య అలవాటు. మంద కట్టడమంటే, రాత్రిపూట గొర్రెల్ని తెచ్చి తోటలో ఆపడం. వాటి పెంటా, మూత్రం నేలకు ఎరువు. మంద గలవాళ్ళకు రాత్రికి ఇంతని ఇవ్వాలి. ఎప్పుడూ వచ్చే మందాయన ఆ యేడు గొర్రెల్ని అమ్మేసుకున్నాడు. తోటకు దగ్గరి పల్లెలో ఇంకో మంద, రెండొందల జీవాలది, ఉందని విని, మామయ్య నన్ను పొమ్మన్నాడు.

"ఏడు నూర్ల కాడ మొదలుపెట్టు. తొమ్మిది నూర్లు దాటబాక" అని రెండుసార్లు చెప్పి పంపాడు. దారిపొడుగునా ఆటోలో ఏడొందలు, ఏడొందలు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

పల్లె చివర ముళ్ళకంప దొడ్డి. లోపల ఒకావిడ వంగి, పుట్టి నాలుగు రోజులు కూడా కాని గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. తలెత్తింది. మా అంగట్లో బిందె తుడిచి పెట్టిపోయిన అవ్వ. తిరిగి ఆటో ఎక్కేద్దామనిపించింది.

"నువ్వా" అంది. "రా పాపా, కూసో. ఏం పని మీద వచ్చినావు?"

సంగతి చెప్పాను. "రాత్రికి ఎంతిస్తావు?" అంది. "మామయ్య ఏడొందలు చెప్పమన్నాడు, తొమ్మిదొందలు దాటబాక అన్నాడు" అనేశాను.

పక్కన మేక పాలు పిండుతున్న ఆమె పెద్దకొడుకు చెంబు కింద పెట్టి మరీ నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

"పన్నెండు నూర్లు. మా కాడ ఒకే ధర పాపా. బోర్డు రాపిచ్చుకోలా, అంతే."

నేను లేచాను.

"యాడికి?"

"తొమ్మిదొందలు దాటొద్దన్నాడు కదవ్వా."

"దాటొద్దంటే పోతావా? నేను మీ అంగట్లో లేచిపోయినానంటే నాకు ఆత్మకూర్లో ఇంకో అంగడి ఉండాది. నీకు ఈ దాపున ఇంకో మంద ఉండాదా?"

"లేదు."

"మరి కూసో."

కూర్చున్నాను. మజ్జిగ తెప్పించి ఇచ్చింది. తోట ఎక్కడ, ఎన్ని చెట్లు, కంచె ఉందా అని ఒక్కోటే అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. "బోరు ఉండాదా?" అంది. ఉందన్నాను. "నీళ్ళు వస్తా ఉండాయా?" అంది. తొట్టి నిండా వస్తాయన్నాను.

పిల్లకు పాలు పట్టిస్తున్న ఆమె చెయ్యి ఆగింది. కొడుకు వైపు ఒక్కసారి చూసి మళ్ళీ తల దించుకుంది. అంతే. కానీ నేను చూశాను. వస్తూ వస్తూ దారిలో వాళ్ళ ఊరి చెరువు చూశాను. అడుగున బురద కూడా లేదు, నెర్రెలిచ్చి ఉంది. రెండొందల జీవాలకు రోజూ నీళ్ళు ఎక్కడివి?

"అవ్వా, ఇప్పుడు నీళ్ళకు యాడికి తోలుకపోతున్నారు?" అని అడిగాను.

"రెండు మైళ్ళు" అంది.

"మా తొట్టి పొద్దునా సాయంత్రం నింపించి పెడతాను. మీ జీవాలన్నీ తాగొచ్చు. ఆరు రాత్రులు కాదు, పది రాత్రులు ఉండండి."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. మేకలు మాత్రం తోటలోకి రాకూడదన్నాను, నిమ్మ చిగుళ్ళు మిగలనివ్వవు కనక. ముప్పై మేకలుండాయి, వాటినేం చెయ్యమంటావంది. కంచె బయట మా బీడు ఉంది, అక్కడ కట్టుకోండి, నీళ్ళు వాటికీ పెడతానన్నాను. చివరికి రాత్రికి ఎనిమిదొందలకు ఒప్పుకుంది. ఇంటికి వచ్చి చెబితే మామయ్య మొదట నమ్మలేదు. నమ్మాక, "నీళ్ళ సంగతి నాకు తోచలా" అన్నాడు.

ఆ పది రోజులూ పొద్దున్నే తోటకు పోయి మోటారు వేయించి, తొట్టి నిండేదాకా అవ్వ దగ్గర కూర్చునేదాన్ని. నాకు అడగడమంటే సిగ్గని ఒకరోజు చెప్పాను. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. "అడిగేదానికి సిగ్గేంది? కాదంటే కాదంటారు. కొడతారా?" అంది. ఇంకోసారి, బేరమాడేటప్పుడు ఎదుటోళ్ళ నోరు చూడబాక, చెయ్యి చూడు అంది. తొట్టి మాట రాగానే ఆమె చెయ్యి ఆగడం నేను చూశానని ఆమెకు తెలిసే అన్నదేమో.

ఆఖరి రోజున బిందెల సంగతి నేనే ఎత్తాను. ఆత్మకూరులో ఎంతకు కొన్నావవ్వా అని. చెప్పింది. లెక్కవేసుకుంటే మా చీటీల ధర కంటే యాభై రూపాయలు ఎక్కువ.

"మా దగ్గరే తక్కువ కదవ్వా!"

"తెలుసు. ఆయన రెండు నూర్లు తగ్గించినాడు."

"ఎక్కువ చెప్పి తగ్గించాడు."

"అది నాకు తెల్దా పాపా? ఎన్నేండ్ల నుంచి జీవాలు అమ్ముతుండాను. ఆయన నాతో మాట్లాడినాడు. నువ్వు గోడ చూపిచ్చినావు."

ఆ సాయంత్రమే బోర్డు తీసేశాను.

అక్కడి నుంచి నాకు బేరం మీద ధైర్యం వచ్చింది. ధైర్యం కొంచెం ఎక్కువే వచ్చింది. ఏప్రిల్‌లో సరుకు కోసం ఆత్మకూరు హోల్‌సేల్ అంగడికి మొదటిసారి ఒక్కదాన్నే పోయాను. పెళ్ళిళ్ళ కాలం. అంగడాయన నన్ను "చెల్లెమ్మా" అని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మామయ్యకు ఆయన ఇచ్చే రేటు కన్నా తక్కువకు కావాలన్నాను. కాదన్నాడు. లేచాను. కూర్చోమన్నాడు. రెండోసారి లేచాను. గంటసేపు అట్లా సాగాక నేనన్న రేటుకే డజన్ల లెక్కన తపేలాలు, బిందెలు కట్టించాడు. బస్సులో తిరిగి వస్తుంటే గెలిచినట్టే ఉంది. మా ఆయనకు ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నెల తిరక్కముందే తపేలాలు వెనక్కి రావడం మొదలైంది. ఒకదాని అడుగు పొయ్యి మీద వంకర పోయింది. ఒక బిందె బోరింగు దగ్గర తగిలి సొట్టపోయింది. తూకం వేసి చూస్తే పాత సరుకుకూ దీనికీ చాలా తేడా. రేకు పలచన. రెండు బిందెలు సంచిలో వేసుకొని, బాగా కోపంగా ఆత్మకూరు పోయాను.

ఆయన బిందెలు చూసి ఆశ్చర్యపోయినట్టు నటించలేదు. "చెల్లెమ్మా, నువ్వు రేటు అడిగినావు, రేకు ఎంత మందం, ఏం గేజి అని అడగలా. నేను నష్టానికి ఇచ్చేదానికి కూచోలేదు గదా. నువ్వు గంటసేపు పిండితే నేను యాడ తగ్గించాల?" అన్నాడు.

కోపం అక్కడే సగం చల్లారింది. ఆయన చేసింది మంచిపని కాదు. సరుకు మారుస్తున్నానని చెప్పి ఉండాలి. ఆ మాటే అన్నాను. ఒప్పుకున్నాడు. కానీ నేను ఆయనకు ఏమీ మిగలనివ్వలేదనేది కూడా నిజమే. మొత్తం మీద పాత గేజి సరుకు, మామయ్యకు ఇచ్చే పాత రేటుకే ఇస్తానన్నాడు. అమ్ముడుపోని పలచటి సరుకు వెనక్కి తీసుకుంటానన్నాడు. అమ్ముడుపోయి వెనక్కి వచ్చిన వాటి నష్టం నేనే భరించాను. ఆ రోజు ఇంటికి వచ్చి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

జూలైలో ఇంకోసారి సరుకు మాట్లాడుకొని ఆత్మకూరు నుంచి తిరిగి వస్తున్నాను. పొద్దున పదకొండు గంటలప్పుడు, దారి మధ్యలో బస్సు ఆగిపోయింది. ముందు ఒక లారీ అడ్డంగా ఉంది. జనం మూగి ఉన్నారు. గొర్రెల మీదికి లారీ పోయిందంట అని ఎవరో చెప్పారు. దిగి చూశాను.

రోడ్డు వారన తొమ్మిది గొర్రెలు పడి ఉన్నాయి. తల్లులు లేని పిల్లలు మూడు వాటి చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. చచ్చినవాటి పక్కన మట్టిలో కూర్చొని ఉంది మా గొర్రెల అవ్వ. ఎండాకాలమంతా సోమశిల జలాశయం అంచుల్లో మేపుకొని, వానలు పడ్డాయని సొంతూరికి మంద తోలుకొస్తున్నారు. మలుపులో లారీ వచ్చి మంద వెనక భాగం మీదికి ఎక్కింది. కొడుకు మిగతా మందను చేలోకి మళ్ళించి నిలబడ్డాడు. లారీ డ్రైవర్‌ను నలుగురు పట్టుకొని ఉన్నారు. నలభై దాటిన మనిషి, జుట్టు నెరిసింది. అప్పటికే ఎవరో ఒక దెబ్బ వేసినట్టున్నారు, పెదవి చిట్లింది. లారీలో నిమ్మకాయల బస్తాలు.

అవ్వ నన్ను చూసింది. ఏడవడం లేదు.

"పాపా, నువ్వొచ్చినావా. ఆ లారీ ఓనరు ఫోన్లో మాట్లాడతా ఉండాడు. నువ్వు మాట్లాడు. నాకు ఫోన్లో మొకం కనపడదు."

బిందెల బేరం వేరు, ఇది వేరు. అయినా ఫోన్ తీసుకున్నాను. అవతల మనిషి మొదలే గట్టిగా అరిచాడు. "రోడ్డు మీదికి గొర్రెల్ని తోలితే తప్పెవురిది? మా డ్రైవర్ని కొడితే కేసు పెడతా. మూడు గొర్రెలకిస్తా, బండి వదలమను." ఇటు జనం ఒక్కొక్కరు ఒక్కో మొత్తం అరుస్తున్నారు. లక్ష అడగమని ఒకడు. బండి తగలబెట్టాలని ఒకడు.

ఫోన్ చేత్తో మూసి, అవ్వ దగ్గర కూర్చున్నాను. "నీకేం కావాలవ్వా?" అని అడిగాను. అక్కడున్న అందరూ ఎంత కావాలో చెబుతున్నారు గానీ, ఆ మాట ఆమెను అప్పటిదాకా ఎవరూ అడిగినట్టు లేదు.

"నాకు దుడ్లు వద్దు. దుడ్లయితే ఇంట్లో నిలవవు. నా జీవాలు నాకు కావాల. పోయినవన్నీ ఈనే గొర్రెలు. అట్టాంటివే సంతలో కొనీమను. నేనే ఏరుకుంటా." కొంచెం ఆగి, "ఆ డ్రైవర్ని ఇంక కొట్టబాకండని చెప్పు" అంది.

నేను లేచి ఫోన్‌లో మెల్లగా మాట్లాడాను. "అన్నా, మీ డ్రైవర్ బాగానే ఉన్నాడు. ఇంక ఎవరూ చెయ్యి చేసుకోరు, నేను ఇక్కడే ఉన్నాను. కేసు అంటే బండి స్టేషన్‌కి పోతుంది. మీ నిమ్మకాయలు ఈ ఎండలో ఎంతసేపు ఉంటాయో మీకే తెలుసు. మాకూ తోట ఉంది. ఫోన్‌లో వద్దు. మీరే ఒకసారి రండి, ఎదురుగా కూర్చొని మాట్లాడుకుందాం."

"వస్తా ఉండా" అన్నాడు చివరికి.

ఆత్మకూరు నుంచి అరగంటలో బైకు మీద వచ్చాడు. బట్టతల, మంచి చొక్కా. దిగుతూనే గొర్రెల్ని చూసి మాట తగ్గించాడు. అవ్వ లేచి నిలబడలేదు. తన ముందు నేల చూపించింది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, ఆ మంచి చొక్కాతోనే మట్టిలో కూర్చున్నాడు.

ఆయన అయిదు గొర్రెలన్నాడు. ఆమె తొమ్మిదే అంది. ఆరన్నాడు. ఆమె మళ్ళీ తొమ్మిదే అంది. అప్పుడాయన, "చచ్చినవాటిని కోసి అమ్ముకుంటారు గదా అవ్వా. ఆ డబ్బు నీకే వస్తాది. అది లెక్కలో తగ్గించుకో" అన్నాడు. నాకు అది న్యాయంగానే అనిపించింది.

అవ్వ పక్కనున్న రెండు గొర్రెల మీద చెయ్యి వేసింది. "ఈ రెండూ సూడివి. నెలలో ఈనాల్సినవి. కడుపులో ఉండేవాటిని నేను అడిగినానా? నేను వాటిని అడగలా. నువ్వు వీటి మాంసం అడగబాక."

ఆయన తల ఊపాడు. తొమ్మిదికి ఒప్పుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. అవ్వకు ఇంకో మాట ఉంది.

"ఆ మడిసి జీతంలో కొయ్యబాక."

"అది నాకూ వాడికీ ఉండే సంగతవ్వా. నీకెందుకు?"

"కొయ్యనని అందరి ముందరా చెప్పు. నాకు ఒక గొర్రె తగ్గించు. ఎనిమిదే ఇయ్యి."

జనంలో గొణుగుడు బయలుదేరింది. కొడుకు చేలో నుంచి "అమ్మా!" అని అరిచాడు. ఆమె అటు చూడలేదు. ఓనరు డ్రైవర్ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "సరే, కొయ్యను" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. బయానాగా చేతిలో ఉన్నది ఇచ్చి, మిగతాది సంతలో అన్నాడు. ఆయన ఫోన్ నంబరు నేను తీసుకున్నాను. లారీ కదిలింది. డ్రైవర్ ఎక్కేముందు అవ్వ దగ్గరకు వచ్చి నిలబడి వెళ్ళిపోయాడు.

మా బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా అవ్వతో కలిసి చెట్టు కింద కూర్చున్నాను. తల్లిలేని పిల్లల్ని ఆమె వేరే గొర్రెల దగ్గర తాగించే ప్రయత్నం చేస్తోంది. ఒకటి తాగింది, రెండు తాగలేదు.

"అంత మంచితనం నాకు లేదవ్వా. ఒక గొర్రె వదులుకున్నావు" అన్నాను.

"మంచితనమేంది పాపా? ఏడాదికి రెండు తూర్లు మా జీవాలు ఈ దోవనే పోవాల, ఈ దోవనే రావాల. ఆ మడిసి దినామూ ఈ దోవనే బండి తోల్తాడు. జీతం కోసినారంటే వాడికి గొర్రెను చూసినప్పుడల్లా కడుపు మండతాది. ఒక గొర్రె పోతే పోయింది" అంది.

ఓనరు మాట చాలావరకు నిలబెట్టుకున్నాడు. మొదటి సంతలో అయిదు కొనిచ్చాడు. తర్వాత వారం ఫోన్ ఎత్తలేదు. నేను రోజుకొకసారి చేస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మూడో వారం వచ్చి రెండు కొనిచ్చాడు. ఎనిమిదోది అవ్వను ఏరుకోనివ్వకుండా తనే కొని పంపాడు, అది ముసలి గొర్రె. ఒక్క పిల్లను వేసి ఆగిపోయింది. తాగని రెండు గొర్రెపిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. అవ్వ దాని గురించి ఆయన్ని ఏమీ అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు. మరుసటి ఏడు మంద సోమశిల వైపు పోతున్నప్పుడు ఆ లారీ ఎదురొచ్చి, మంద దాటిపోయేదాకా ఇంజను ఆపుకొని నిలబడిందని కొడుకు చెప్పాడు.

మామయ్య కాలు విరిగిన ఏడే జూన్‌కల్లా బాగైంది. కర్ర లేకుండా నడుస్తున్నాడు. వానలు తగ్గాక అంగడికి వస్తానన్నాడు. అంటే నేను ఇంటికి పోవాలి. నాకు పోవాలని లేదు. వారం రోజులు ఆ మాట నోట్లోనే పెట్టుకొని తిరిగాను. ఆయన మీద గౌరవం, పైగా అంగడి ఆయనది. చివరికి ఒక ఆదివారం, మా ఆయన కూడా ఇంట్లో ఉండగా, ముగ్గురం టిఫిన్ తింటున్నప్పుడు అడిగాను.

"మామయ్యా, నాకు అంగట్లోనే ఉండాలని ఉంది. మీకేం కావాలి?"

మా ఆయన ఇడ్లీ తినడం ఆపాడు. మామయ్య ప్లేటు పక్కకు జరిపాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"నాకు సరుకు తెచ్చేది, బస్సులెక్కేది, అటక ఎక్కి దించేది ఇంక చేతకాదమ్మా" అన్నాడు. "కానీ పొద్దున పూట ఆడ కూర్చోకపోతే నన్ను పలకరించేవాళ్ళు ఎవురుండారు? ఈ ఇంట్లో గోడలు చూస్తా కూర్చోవాల్నా?"

ఆయనకు కావలసింది గల్లా కాదని నేను అప్పటిదాకా అనుకోలేదు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆయన కూర్చునేటట్టు, కొనుగోళ్ళూ, ధరలూ, ఆత్మకూరు పనులూ నేను చూసుకునేటట్టు, మధ్యాహ్నం నుంచి నేనే ఉండేటట్టు మాట్లాడుకున్నాం. ఆయన ఒక షరతు పెట్టాడు. తన పాత గిరాకీకి తను ఎంత తగ్గించినా నేను అడగకూడదు. నేను దానికి ఒక హద్దు పెట్టమన్నాను. పెట్టనన్నాడు. అరగంట వాదించుకున్నాం. ఆ ఒక్కటీ ఇప్పటికీ తెగలేదు. మొన్న కూడా ఎవరికో మూడు గిన్నెలు కొన్న ధరకే ఇచ్చేసి, "పాత మనిషిలే" అన్నాడు. నేను మధ్యాహ్నం క్యారియర్ తీసుకొని పోయేసరికి ఆ పాత మనిషీ ఆయనా ఇంకా టీ తాగుతూ కూర్చొని ఉన్నారు.